ఎస్‌పీఎఫ్ 50 రాసుకుంటున్నా మచ్చలు ఎందుకు ముదురుతున్నాయి?

ప్రశ్న: నా వయసు 31 సంవత్సరాలు. నాలుగు నెలల క్రితం బాబు పుట్టాడు, పాలిస్తున్నాను. గర్భిణిగా ఉన్నప్పుడే రెండు బుగ్గల మీదా, పై పెదవి మీదా గోధుమరంగు మచ్చలు మొదలయ్యాయి. ఎండకు ముదురుతాయని తెలిసినవారు చెప్పడంతో అప్పటి నుంచి ప్రతి ఉదయం స్నానం కాగానే ముఖానికీ మెడకూ ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ రాసుకుంటున్నాను. 50 గ్రాముల ట్యూబు ఐదు నెలలు వచ్చింది, ఇప్పుడే అయిపోతోంది. అయినా మచ్చలు ముదురుతున్నాయే గాని తగ్గడం లేదు. ఈమధ్యే మళ్లీ ఉద్యోగంలో చేరాను, ఆఫీసులో నా కుర్చీ కిటికీ పక్కనే ఉంటుంది. చెమట పట్టినప్పుడు క్రీము కళ్లలోకి దిగి మండుతుంది. ఇందులోని రసాయనాలు రక్తంలో కలుస్తాయనీ, పాల ద్వారా బిడ్డకు చేరతాయనీ, విటమిన్ డి తగ్గిపోతుందనీ చదివి భయపడుతున్నాను. ఇంతకంటే ఎక్కువ ఎస్‌పీఎఫ్ ఉన్నది కొనాలా, అసలు మానేయాలా? బాబుకు కూడా రాయవచ్చా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మానేయనక్కర లేదు, ఇంతకంటే పెద్ద అంకె ఉన్న ట్యూబు కొననక్కర అంతకన్నా లేదు. మీ ఉత్తరంలో చాలా సంగతులు రాశారు గాని, వాటిలో నన్ను ఆపింది ఒక చిన్న వాక్యం: 50 గ్రాముల ట్యూబు ఐదు నెలలు వచ్చిందన్నారు. మీరు దాన్ని పొదుపుగా వాడానన్న ఉద్దేశంతో రాశారో, యథాలాపంగా రాశారో తెలియదు గాని, మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. మిగతా సగం మీ మచ్చల స్వభావంలోనూ, ఆ కిటికీ దగ్గరా ఉంది.

ముందుగా ఎస్‌పీఎఫ్ అన్న అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. ప్రయోగశాలలో పరీక్షకు ఒప్పుకున్న వారి వీపు మీద చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున సన్‌స్క్రీన్‌ను సమంగా పరిచి, దాని మీద అతినీలలోహిత కాంతి వేసి, చర్మం ఎర్రబడటానికి ఎంత మోతాదు పట్టిందో కొలుస్తారు. ఏమీ రాయని చర్మం ఎర్రబడటానికి పట్టిన మోతాదుతో దాన్ని భాగిస్తే వచ్చేదే ఎస్‌పీఎఫ్. అంటే డబ్బా మీద ఉన్న 50 అనే అంకె ఆ 2 మిల్లీగ్రాముల పూతకు చెందినదే గాని, మనం అద్దం ముందు నిలబడి వేలికొనతో అంటించుకునే చుక్కకు చెందినది కాదు. పెద్దవారి ముఖం, చెవులు, మెడ ముందుభాగం కలిపి సుమారు 600 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కసారి రాయడానికి 1.2 గ్రాములు కావాలి. ఆ లెక్కన రోజుకు ఒకసారి రాసినా మీ ట్యూబు 40 రోజులకు మించి రాకూడదు. ఐదు నెలలు వచ్చిందంటే రోజుకు గ్రాములో మూడో వంతు వాడారన్నమాట, అంటే కావలసిన దానిలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. ఇందులో మీ తప్పేమీ లేదు. ప్రజలు మామూలుగా ఎంత రాసుకుంటారో కొలిచి చూసిన పరిశోధనల్లో కూడా చాలామంది కావలసిన దానిలో పావు వంతుకూ సగానికీ మధ్యనే ఆగిపోతున్నారు.

పావు వంతు పూతతో రక్షణ కూడా ఇంచుమించు అదే నిష్పత్తిలో పడిపోతుంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగానే పడిపోతుంది. చర్మం నున్నటి అద్దం కాదు. అందులో గీతలూ గుంటలూ మెట్టలూ ఉంటాయి, పలచటి పూత మెట్టల మీద నుంచి జారి గుంటల్లో చేరుతుంది. గోడకు సున్నం పలచగా కొడితే పాత మరకలు అక్కడక్కడా తొంగిచూసినట్లే, పైకి సమంగా కనిపించే పూతలో కూడా కిరణాలకు దారులు మిగులుతాయి. అందుచేత మీరు ఎస్‌పీఎఫ్ 50 రాసుకుంటున్నాననుకున్నా, మీ ముఖానికి అందుతున్నది 15 దరిదాపుల్లోనో, అంతకన్నా కిందనో ఉండవచ్చు.

ఇక అంకెల మధ్య తేడా సంగతి. సరైన మోతాదులో రాసినప్పుడు ఎస్‌పీఎఫ్ 15 చర్మాన్ని ఎర్రబరిచే కిరణాల్లో దాదాపు 93 శాతాన్ని, 30 దాదాపు 97 శాతాన్ని, 50 దాదాపు 98 శాతాన్ని అడ్డుకుంటాయి. 30కీ 50కీ తేడా ఒక్క శాతమే కదా అని కొట్టిపారేసేవారున్నారు. ఆ మాటలో కొంత నిజముంది గాని, చర్మాన్ని చేరేది ఎంత అన్న వైపు నుంచి చూస్తే ఒకదానిలో నుంచి 3.3 శాతం, మరొకదానిలో నుంచి 2 శాతం దిగుతుంది కాబట్టి మచ్చలున్నవారికి 50 ఎంచుకోవడం అర్థవంతమే. మీ దగ్గరున్న అంకె సరిపోతుంది. దాన్ని 100 చేయడం కంటే పూతను నాలుగింతలు చేయడం వల్ల మేలు ఎన్నో రెట్లు ఎక్కువ. ఎస్‌పీఎఫ్ 50 అంటే 50 రెట్లు ఎక్కువసేపు ఎండలో తిరగవచ్చన్న లెక్కను కూడా నమ్మకండి. ఉదయపు ఎండలో గంటసేపు అందే మోతాదు నడినెత్తి ఎండలో చాలా తక్కువ సమయంలోనే అందుతుంది, పైగా చెమటకూ తుడుపుకూ పూత గంటగంటకూ తరిగిపోతూ ఉంటుంది. క్రీములో 30, దాని మీద వేసే పౌడరులో 15 కలిసి 45 కావని కూడా ఇక్కడే చెప్పాలి.

గ్రాముల్లో తూచుకుంటూ కూర్చోవడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి చర్మవైద్యులు ఒక సులువైన కొలత చెబుతారు. చూపుడు వేలు, మధ్య వేలు పక్కపక్కన చాపి, రెండింటి మీదా మొదలు నుంచి కొన వరకు నిండుగా ఒక్కొక్క గీతలా క్రీము పిండితే, అది ముఖానికీ మెడకూ సరిపోయే మోతాదు. మొదటిసారి చూస్తే ఇంతా అనిపిస్తుంది, ఒకేసారి పులిమితే జిడ్డుగా, తెల్లగా తేలుతుంది కూడా. అందుకే ముందు ఒక వేలి మీదున్నది రాసి, రెండు మూడు నిమిషాలు ఆరనిచ్చి, తరువాత రెండో వేలి మీదున్నది రాయండి. ఇలా రెండు విడతల్లో రాస్తే మొదటిసారి వదిలేసిన చోట్లు రెండోసారి కప్పబడతాయన్నది అదనపు లాభం. చేతులు, కాళ్లు, వీపు అన్నీ ఎండకు బయటపడే రోజుల్లో పెద్దవారి ఒంటి మొత్తానికి ఒక్క విడతకు 30 మిల్లీలీటర్లకు పైగానే పడుతుంది.

స్నానం కాగానే అన్నారు. తడి ముఖం మీద రాస్తే పూత పలచబడి జారుతుంది, కాబట్టి పూర్తిగా తుడుచుకున్నాక రాయండి. మాయిశ్చరైజరు వాడే అలవాటుంటే ముందు అది రాసి, ఇంకిన తరువాత సన్‌స్క్రీన్, దాని మీదనే మేకప్. మూడింటినీ అరచేతిలో కలిపి రాయడం సమయం ఆదా చేసినట్లు కనిపిస్తుంది గాని, కలపడంతో పూత పలచబడి, సమంగా పరుచుకునే గుణం పోతుంది. గడప దాటడానికి 15 నుంచి 20 నిమిషాల ముందే రాస్తే పూత చర్మానికి పట్టుకుని ఆరడానికి వ్యవధి ఉంటుంది. చెవులు, మెడ వెనుక భాగం, కనుబొమల పైభాగం, ముక్కు పక్కలు, ముంజేతుల కింద చేతి వెనుకభాగం, చెప్పుల్లో నుంచి కనిపించే పాదాల పైభాగం సాధారణంగా మరిచిపోయే చోట్లు. మీ విషయంలో పై పెదవి మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. మచ్చ ఉన్న చోటే చెమట ముందుగా పడుతుంది, మనం రుమాలుతో ముందుగా తుడిచేదీ ఆ చోటే. పెదవులకు ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్ బామ్ వేరుగా దొరుకుతుంది.

రెండు గంటలకొకసారి తిరిగి రాయాలన్న మాట మీరు వినే ఉంటారు. ఆ నియమం ఆరుబయట ఉండేవారికి చెప్పినది. ఈత కొట్టినా, చెమటతో తడిసినా, తువ్వాలుతో తుడుచుకున్నా రెండు గంటలు కాకముందే రాయాలి. నీటికి తట్టుకుంటుందని రాసి ఉన్నవి కూడా అమెరికా నిబంధనల ప్రకారం 40 నిమిషాలో 80 నిమిషాలో మాత్రమే తట్టుకున్నట్లు పరీక్షలో తేలినవి, నీటిలో ఎంతసేపైనా నిలుస్తుందని చెప్పుకోవడాన్ని ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2011 నిబంధనలతో నిషేధించింది. రోజంతా నాలుగు గోడల మధ్య, కిటికీకి దూరంగా కూర్చునేవారికి ఉదయం నిండుగా రాసుకున్నది చాలావరకు సరిపోతుంది, మధ్యాహ్నం బయటకు వెళ్లే ముందు మరొకసారి రాస్తే చాలు. మీరు కిటికీ పక్కన కూర్చుంటారు కాబట్టి ఈ సడలింపు మీకు వర్తించదు.

ఆ కిటికీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నేలను చేరే అతినీలలోహిత కిరణాలు రెండు రకాలు. యూవీ-బీ కిరణాలు చర్మం పైపొరల్లోనే ఆగి, ఎర్రబరిచి, కమిలిపోయేలా చేస్తాయి. యూవీ-ఏ కిరణాలు మరింత లోతుకు దిగి, మంట పుట్టించకుండానే రంగును ముదురు చేస్తాయి, చర్మాన్ని సాగదీసి ముడతలు తెస్తాయి. మామూలు కిటికీ అద్దం యూవీ-బీని దాదాపు పూర్తిగా ఆపుతుంది గాని యూవీ-ఏలో పెద్ద భాగాన్ని లోపలికి వదిలేస్తుంది. కిటికీ పక్కన కూర్చుని ఎవరూ కమిలిపోరు కాబట్టి అక్కడ ఎండ ప్రభావం లేదనిపిస్తుంది, మచ్చలు మాత్రం తమ పని తాము చేసుకుపోతుంటాయి. కారులోనూ అంతే. రెండు పొరల ముందు అద్దం యూవీ-ఏని బాగా ఆపుతుంది, పక్క అద్దాలు చాలా వాహనాల్లో అంతగా ఆపవు.

ఎస్‌పీఎఫ్ అంకె ప్రధానంగా చర్మం ఎర్రబడటాన్ని, అంటే యూవీ-బీని కొలిచేది కనుక, యూవీ-ఏ నుంచి రక్షణ ఎంతో తెలియడానికి డబ్బా మీద మరో గుర్తు వెతకాలి. జపాన్‌లో మొదలై ఆసియా అంతటా కనిపించే పీఏ గుర్తు పక్కన కూడిక చిహ్నాలు ఎన్ని ఎక్కువ ఉంటే యూవీ-ఏ రక్షణ అంత ఎక్కువ, నాలుగు ఉంటే అన్నిటికన్నా ఎక్కువ. ఐరోపా పద్ధతిలో వలయంలో యూవీఏ అక్షరాలు ఉంటే ఆ రక్షణ ఎస్‌పీఎఫ్‌లో కనీసం మూడో వంతు ఉందని అర్థం. ఇవేవీ లేకుండా కేవలం ఎస్‌పీఎఫ్ మాత్రమే ఉన్న ట్యూబును మీరు కొనకండి. బ్రాడ్ స్పెక్ట్రమ్, అంటే రెండు రకాల కిరణాలనూ ఆపుతుందన్న మాట కనీసం ఉండాలి.

మీరు వర్ణించిన మచ్చలు, అంటే గర్భంతో మొదలై రెండు బుగ్గల మీదా సమానంగా, పై పెదవి మీద కూడా కనిపించేవి, చాలావరకు మంగు మచ్చలను పోలి ఉన్నాయి. చూడకుండా ఖాయంగా చెప్పడం సరికాదు గాని, అవి మంగు మచ్చలే అయితే మామూలు సన్‌స్క్రీన్ సరిపోకపోవడానికి మరో కారణం ఉంది. చామనఛాయ, నలుపు చర్మాల్లో కంటికి కనిపించే కాంతి కూడా, ముఖ్యంగా అందులోని ఊదా, నీలి భాగం, నిలకడగా ఉండే నలుపును తెస్తుంది. చర్మం మీద కనిపించకుండా కలిసిపోయే సన్‌స్క్రీన్‌లు ఆ కాంతిని ఆపలేవు, ఆపగలిగితే అవి కంటికి కనిపించేవి. ఐరన్ ఆక్సైడ్ కలిపి చర్మపు రంగులో తయారుచేసిన సన్‌స్క్రీన్‌లు మాత్రం ఆపగలవు. దుకాణాల్లో వీటిని టింటెడ్ సన్‌స్క్రీన్ అంటారు. మీరు తరువాత కొనబోయేది ఇదే కావాలని నా సలహా. డబ్బా వెనుక ఉన్న పదార్థాల పట్టికలో ఐరన్ ఆక్సైడ్ పేరు, దానితోపాటు జింక్ ఆక్సైడ్ పేరు చూసుకోండి. జింక్ ఆక్సైడ్ ఎక్కువగా ఉన్నవి గోధుమరంగు చర్మం మీద బూడిద పూసినట్లు తేలడం అందరూ చేసే ఫిర్యాదు, రంగు కలిపినవాటిలో ఆ ఇబ్బంది కూడా చాలావరకు తీరుతుంది. అదే సమయంలో ఆఫీసులో కుర్చీ మార్చుకునే వీలుందేమో అడగండి, లేకపోతే ఎండ తగిలే వేళల్లో తెర దించుకోండి. కుర్చీ మారడం చిన్న విషయంలా కనిపించినా, మీ మచ్చలకు కొత్త ట్యూబు ఎంత అవసరమో అదీ అంతే అవసరం.

కళ్ల మంటకు చాలాసార్లు కారణం సేంద్రియ ఫిల్టర్లు, అంటే కిరణాలను పీల్చుకునే కార్బన్ ఆధారిత రసాయనాలు, చెమటతో కలిసి జారడమే. జింక్ ఆక్సైడ్ ప్రధానంగా ఉన్నవి కళ్లను తక్కువగా మండిస్తాయి. నుదుటికీ కళ్ల చుట్టూకూ గట్టి పుల్లలా వచ్చే స్టిక్ సన్‌స్క్రీన్ వాడితే అది అంత త్వరగా కరిగి కారదు, రెప్పల అంచుకు మాత్రం రాయకుండా చలువ కళ్లద్దాల మీద ఆధారపడండి. మంట వేరు, అలర్జీ వేరు అన్నది గుర్తుపెట్టుకోవాలి. రాసిన చోట దురద, ఎర్రని పొక్కులు, పొట్టు రేగడం వంటివి వస్తే, ప్రత్యేకించి ఎండ తగిలిన భాగంలోనే వస్తే, అది ఫిల్టరుకు వచ్చిన అలర్జీ కావచ్చు. ఆక్సీబెంజోన్, ఆక్టోక్రిలీన్ వంటివి ఇలా చేయడం తెలిసిన విషయమే. కొత్త సన్‌స్క్రీన్‌ను ముఖానికి రాసే ముందు మోచేతి మడత లోపల కొద్దిగా కొన్ని రోజులు రాసి చూడటం మంచిది.

ఇప్పుడు మీ అసలు భయం. రక్తంలో కలుస్తాయన్నది అబద్ధం కాదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ శాస్త్రవేత్తలు 2019లోనూ 2020లోనూ ప్రచురించిన పరీక్షల్లో అవోబెంజోన్, ఆక్సీబెంజోన్, ఆక్టోక్రిలీన్ వంటి సేంద్రియ ఫిల్టర్లు రక్తంలో మిల్లీలీటరుకు 0.5 నానోగ్రాముల స్థాయిని దాటినట్లు తేలింది. ఈ వార్త వ్యాపించినంతగా దాని వివరణ వ్యాపించలేదు. 0.5 అన్నది హాని మొదలయ్యే స్థాయి కాదు, అంతకు మించి కలిసే పదార్థానికి మరికొన్ని భద్రతా పరీక్షలు జరగాలని ఆ సంస్థ తానుగా పెట్టుకున్న గీత. 2019 పరీక్షలో పాల్గొన్నవారు శరీరంలో 75 శాతం భాగానికి, నిండు మోతాదులో, రోజుకు నాలుగుసార్లు రాసుకున్నారు. ముఖానికి మాత్రమే రాసుకునే మీ పరిస్థితి దానికి చాలా దూరం. కలిసింది కాబట్టి హాని అని ఆ శాస్త్రవేత్తలు అనలేదు, సన్‌స్క్రీన్ మానమని కూడా అనలేదు. కొన్ని ఫిల్టర్ల ఆనవాళ్లు తల్లిపాలలో కనిపించిన మాట నిజమే గాని, దానివల్ల పిల్లలకు హాని జరిగినట్లు రుజువు కాలేదు.

అయినా పాలిచ్చే తల్లికి మనసులో ఒక శంక నిలిచిపోతే, దాన్ని వాదించి పోగొట్టడం కంటే శంకకు తావులేని దారి చూపడమే మంచిదని నా అభిప్రాయం. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ చర్మం పైపొరలోనే నిలిచిపోతాయి, లోపలికి చేరేది లెక్కలోకి రానంత స్వల్పం. పైన చెప్పిన అమెరికా సంస్థ 2019లో ప్రతిపాదించిన నిబంధనల్లో సురక్షితం, ప్రభావవంతం అని తేల్చి చెప్పినవీ ఈ రెండే. ఈ రెండూ కిరణాలను అద్దంలా వెనక్కు తిప్పుతాయని చాలామంది రాస్తుంటారు గాని, అవి కూడా అతినీలలోహిత కిరణాలను ప్రధానంగా పీల్చుకునే అడ్డుకుంటాయి. రసాయనాలు లేని సన్‌స్క్రీన్ అన్న ప్రకటన చూసి మురిసిపోకండి, జింక్ ఆక్సైడ్ కూడా రసాయనమే. హవాయిలో ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని 2021 జనవరి 1 నుంచి నిషేధించిన వార్తను కూడా మనుషుల ఆరోగ్యానికి ముడిపెట్టి చెబుతుంటారు, ఆ చట్టం పగడపు దిబ్బల కోసం తెచ్చినది. పాలిచ్చే ముందు బాబు నోటికి తగిలే చోట ఏ క్రీమూ లేకుండా చూసుకోండి, చేతులకు రాసుకున్న రోజు బాబును ఎత్తుకునే ముందు కడుక్కోండి. అంతకు మించిన జాగ్రత్త అక్కరలేదు.

భయం ఒకవైపే చూసుకుని లాభాన్ని మరిచిపోకూడదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో నాంబూర్ అనే పట్టణంలో 1992 నుంచి 1996 వరకు 1,621 మంది పెద్దలను రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గాన్ని ప్రతిరోజూ తల, మెడ, చేతులకు సన్‌స్క్రీన్ రాసుకోమన్నారు, మరొక వర్గాన్ని తమ ఇష్టానికి వదిలేశారు. రోజూ రాసుకున్నవారిలో స్క్వేమస్ కణ చర్మ క్యాన్సర్లు సుమారు 40 శాతం తగ్గాయి, తరువాతి సంవత్సరాల్లో మెలనోమా అనే మరో రకం చర్మ క్యాన్సర్ కూడా సగానికి తగ్గింది. 2013లో ప్రచురించిన ఫలితాల్లో చర్మానికి వయసు మీదపడే వేగం కూడా వారిలో తక్కువగా కనిపించింది. వారిలో ఎక్కువమంది తెల్లని చర్మం వారన్నది కలిపి చెప్పకపోతే అది సగం మాట అవుతుంది. ముదురు చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం కొంత రక్షణ ఇస్తుంది, ఆ చర్మం ఉన్నవారిలో ఎండ వల్ల వచ్చే క్యాన్సర్లు చాలా తక్కువ. మనవంటి చర్మానికి సన్‌స్క్రీన్ చేసే పెద్ద మేలు మచ్చలను, రంగు తేడాలను అదుపులో ఉంచడమే.

విటమిన్ డి గురించి అంత దిగులు పడకండి. మామూలుగా సన్‌స్క్రీన్ వాడేవారిలో ఆ విటమిన్ చెప్పుకోదగినంతగా పడిపోవడం లేదని పరిశోధనలు చూపుతున్నాయి, ఎందుకంటే ఎవరూ అణువణువూ కప్పేంతగా రాసుకోరు. మీకు లోపం ఉందన్న అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించి మాత్ర వేసుకోవచ్చు. మచ్చలున్న ముఖాన్ని అందుకోసం ఎండబెట్టనక్కర లేదు.

బాబుకు ఇప్పుడే రాయకండి. ఆరు నెలల లోపు పిల్లల చర్మం పలచన, శరీర బరువుతో పోలిస్తే చర్మపు విస్తీర్ణం ఎక్కువ, కాబట్టి రాసినది లోపలికి చేరే అవకాశమూ ఎక్కువ. ఆ వయసులో నీడ, ఒళ్లంతా కప్పే పలచటి వదులు బట్టలు, అంచు వెడల్పుగా ఉన్న టోపీ, ఎండ తీవ్రంగా ఉన్న వేళల్లో బయటకు తీసుకువెళ్లకపోవడం, ఇవే రక్షణ. ఏ దారీ లేక ఎండలో ఉండవలసి వస్తే, ముఖం, చేతి వెనుకభాగం వంటి చిన్న చోట్లకు జింక్ ఆక్సైడ్ ఉన్నది కొద్దిగా రాయవచ్చేమో పిల్లల వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోండి. తోపుడు బండిలో పడుకోబెట్టి, ఎండ తగలకూడదని దాని మీద దుప్పటి కప్పడం చాలామంది చేసే పని. గాలి ఆడక లోపల వేడి ప్రమాదకరంగా పెరుగుతుంది, అలా ఎప్పుడూ చేయకండి. ఆరు నెలలు నిండాక జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉన్న, సువాసన కలపని సన్‌స్క్రీన్‌ను బట్ట కప్పని చోట్లకు రాయవచ్చు. ఏ వయసు పిల్లలకైనా స్ప్రే వద్దు, ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెద్దలు వాడినా అరచేతిలోకి కొట్టుకుని ముఖానికి రాసుకోవాలి, మంట దగ్గర అసలు వాడకూడదు.

రక్షణలో సన్‌స్క్రీన్ మొదటి మెట్టు కాదు, నీడ, బట్ట, టోపీల తరువాత వచ్చే మెట్టు. బట్టలకు ఎస్‌పీఎఫ్ వంటి కొలత యూపీఎఫ్. యూపీఎఫ్ 50 అని గుర్తించిన బట్ట అతినీలలోహిత కిరణాల్లో 2 శాతాన్ని మాత్రమే లోపలికి రానిస్తుంది, అది చెమటకు జారిపోదు, తిరిగి రాయనక్కర లేదు. వాతావరణ సూచనల్లో ఇచ్చే యూవీ సూచీ, అంటే అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే అంకె, 3 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నప్పుడు జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సూచీ చూసే వీలు లేకపోతే మీ నీడను చూడండి, అది మీ ఎత్తుకంటే పొట్టిగా ఉన్నంతసేపు ఎండ తీవ్రంగానే ఉన్నట్లు. మబ్బు పట్టిన రోజును నమ్మవద్దు, పలచటి మబ్బుల్లో నుంచి 80 శాతం వరకు కిరణాలు దిగగలవు. ఎత్తైన చోట్లకు వెళ్లినప్పుడు ప్రతి 1,000 మీటర్లకూ వాటి తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది.

ట్యూబును ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, వేడికి ఫిల్టర్లు చెడిపోతాయి. గడువు దాటినా, నీరూ నూనే విడిపోయినట్లు కనిపించినా, వాసన మారినా పారేయండి. దోమలు కుట్టకుండా రాసుకునే మందు కూడా అవసరమైతే ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక మందు. రెండూ కలిసిన ఒకే క్రీము కొనడం తెలివైన పని కాదు, ఎందుకంటే ఒకటి తరచుగా రాయవలసినది, మరొకటి తరచుగా రాయకూడనిది. అవోబెంజోన్ ఉన్నవి ఉతికే నీటిలో ఇనుము ఉంటే తెల్లని బట్టల మీద తుప్పురంగు మరకలు వదులుతాయి, పూత ఆరాకనే బట్ట తొడుక్కోవడం మేలు. ఇంట్లో నూనెలూ పొడులూ కలిపి సన్‌స్క్రీన్ తయారుచేసుకునే చిట్కాలు మీ కంటపడే ఉంటాయి, వాటిలో పూత సమంగా పరుచుకుంటుందో లేదో పరీక్షించే మార్గం ఇంట్లో ఎవరికీ లేదు.

సరైన మోతాదులో, సరైన రకం సన్‌స్క్రీన్ వాడినా అది మచ్చను చెరిపే మందు కాదు, ముదరకుండా ఆపే కంచె. గర్భంతో వచ్చిన మంగు మచ్చలు ప్రసవం తరువాత కొన్ని నెలల్లో తమంతట తామే పలచబడటం కూడా ఉంది, ఆ అవకాశాన్ని ఎండా కిటికీ చెడగొట్టకుండా చూడటమే ఇప్పుడు సన్‌స్క్రీన్ పని. ఈలోగా మచ్చలు పోగొడతాయని అమ్మే తెలుపు క్రీముల జోలికి మాత్రం వెళ్లకండి. వాటిలో కొన్నిటిలో చెప్పకుండా కలిపిన స్టెరాయిడ్లు చర్మాన్ని పలచబరుస్తాయి, కొన్నిటిలో పాదరసం ఉంటుంది, అది పాలిచ్చే తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదం. రెండు మూడు నెలలు పైన చెప్పిన విధంగా రాసుకున్నాక కూడా మచ్చలు ముదురుతూనే ఉంటే చర్మవైద్యులను కలవండి. ఒకే మచ్చ ఒక పక్కనే పెరిగినా, అంచులు వంకరగా మారినా, రంగు ఒక్కో చోట ఒక్కోలా ఉన్నా, రక్తం కారినా అంతకాలం ఆగకుండా వెంటనే వెళ్లండి. పాలిస్తున్నానని ముందే చెప్పండి, మంగుకు వాడే మందుల్లో కొన్నిటిని ఈ సమయంలో ఇవ్వరు. ఇతర జబ్బులకు ఏ మాత్రలు వేసుకుంటున్నారో కూడా చెప్పండి, కొన్ని యాంటీబయాటిక్‌లూ రక్తపోటుకు ఇచ్చే కొన్ని మాత్రలూ చర్మాన్ని ఎండకు త్వరగా లొంగేలా చేస్తాయి. రోజూ అద్దంలో చూసుకుంటే మచ్చ తగ్గిందో పెరిగిందో తెలియదు కాబట్టి, నెలకొకసారి ఒకే చోట, ఒకే వెలుతురులో, మేకప్ లేకుండా తీసిన ఫొటోలు వెంట తీసుకువెళితే వైద్యులకు నిర్ణయం తేలికవుతుంది.